ఇల్లున్న వాకీటా, ఇల్లు లేని ఆక్సోలాటిల్

మెక్సికో 50 పెసోల నోటు మీద నీళ్లలో ఈదుతున్న ఒక చిన్న జీవి కనిపిస్తుంది. తలకు రెండు పక్కలా ఈకల్లా విచ్చుకున్న మొప్పలు, బల్లిలాంటి ఒళ్లు, నవ్వుతున్నట్టుండే మొహం. పేరు ఆక్సోలాటిల్. 2021లో ఈ నోటు వచ్చినప్పటి నుంచి దాన్ని ఖర్చు పెట్టకుండా దాచుకునేవాళ్లు ఎక్కువయ్యారు. అదే ఏడాది మైన్‌క్రాఫ్ట్ ఆటలో కూడా ఈ జీవి చేరడంతో, మెక్సికో ఎక్కడుందో తెలియని పిల్లలు కూడా దీన్ని గుర్తుపడుతున్నారు.

అదే దేశానికి వాయవ్యాన, కాలిఫోర్నియా గల్ఫ్ పైకొసలో వాకీటా ఉంటుంది. డాల్ఫిన్లకు దగ్గరి చుట్టం. స్పానిష్‌లో ఆ పేరుకు చిన్న ఆవు అని అర్థం. దీని బొమ్మ ఏ నోటు మీదా లేదు. 2024లో నిపుణులు పడవలెక్కి వెతికితే కనిపించినవి ఆరు నుంచి ఎనిమిది.

అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల పట్టికలో ఈ రెండూ ఒకే గడిలో ఉన్నాయి. అందుకే వార్తల్లో రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. ఆ తర్వాత జనం అడిగే ప్రశ్న కూడా ఒకటే: ఆక్సోలాటిల్స్‌ని తొట్లలో లక్షల్లో పెంచుతున్నారు కదా, వాకీటాలని కూడా అలాగే పెంచొచ్చుగా? ఇది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. కానీ జవాబు చెప్పాలంటే, పట్టికలో గడి ఒకటే అయినా జబ్బులు వేరని ముందు చూడాలి.

## "ముప్పు", "అపాయం", "తీవ్ర అపాయం": గడుల లెక్క

మనం మామూలుగా అన్నింటికీ "అంతరించిపోతున్న" అనే మాటే వాడేస్తాం. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం, అంటే ఐయూసీఎన్, నడిపే రెడ్ లిస్ట్‌లో మాత్రం మెట్లున్నాయి. ముప్పు పొంచి ఉన్నవి ఒక మెట్టు, అపాయంలో ఉన్నవి దాని పై మెట్టు, తీవ్ర అపాయంలో ఉన్నవి ఆ పైది. ఈ మూడింటినీ కలిపి "ముప్పులో ఉన్న జాతులు" అంటారు. ఆ తర్వాత రెండు మెట్లే మిగులుతాయి. మనుషుల దగ్గర తప్ప సహజ ఆవాసంలో ఎక్కడా మిగలనివి ఒకటి, పూర్తిగా అంతరించినవి ఇంకొకటి.

వాకీటా 1996 నుంచి, ఆక్సోలాటిల్ 2006 నుంచి "తీవ్ర అపాయం" గడిలో ఉన్నాయి.

ఆ గడిలోకి చేరడానికి దారి ఒకటే కాదు. పదేళ్లలో గానీ మూడు తరాల్లో గానీ, ఏది ఎక్కువ కాలమైతే అంతలో, జనాభా 80 శాతం పడిపోతే అది ఒక దారి. పిల్లల్ని కనే వయసున్నవి 50 కన్నా తక్కువ ఉంటే ఇంకో దారి. బతికే చోటు బాగా కుంచించుకుపోయి, ముక్కలై, పాడవుతూ ఉంటే అదీ ఒక దారే. అంటే ఆ గడి "ఎంత ప్రమాదం" అన్నది చెబుతుంది. "ఏం ప్రమాదం" అన్నది చెప్పదు. జ్వరం 104 అని థర్మామీటర్ చెబుతుంది, అది మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా.

ఇంకో తిరకాసు ఉంది. ఈ లెక్కలో తొట్లలో, ల్యాబుల్లో ఉన్నవి లెక్కకు రావు. ప్రపంచం మొత్తంలో ఆక్సోలాటిల్స్ ఎన్ని లక్షలున్నా, రెడ్ లిస్ట్ చూసేది వాటి సొంత నీళ్లలో ఉన్నవాటినే. ఐయూసీఎన్ అంచనాలో అక్కడ మిగిలిన పెద్దవి 50 నుంచి 1,000 మధ్య.

## ఎవరు ఈ ఇద్దరు

వాకీటా క్షీరదం. వెచ్చటి రక్తం, పిల్లకు పాలివ్వడం, ఊపిరితిత్తులతో గాలి పీల్చడం అన్నీ మనలాగే. పొడవు మీటరున్నర, బరువు ఇంచుమించు 50 కిలోలు. కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి వలయాలు, పెదాల మీద కూడా నలుపు. పడవ చప్పుడు వింటే దూరంగా జరుగుతుంది. డాల్ఫిన్‌లా గాల్లోకి ఎగిరి ఆటలాడదు. మెల్లగా పైకొచ్చి, ఊపిరి తీసుకుని, చడీచప్పుడు లేకుండా మునిగిపోతుంది. శాస్త్రవేత్తలు దీన్ని ప్రత్యేక జాతిగా వర్ణించింది 1958లో, అదీ పుర్రెలు చూసి. బతికున్నదాన్ని దగ్గరగా చూసినవాళ్లు అప్పటికీ ఇప్పటికీ తక్కువే.

ఆక్సోలాటిల్ ఉభయచరం, సాలమాండర్ల కుటుంబానికి చెందింది. ఉభయచరాలు సాధారణంగా నీళ్లలో పుట్టి, మొప్పలతో పెరిగి, రూపం మార్చుకుని గట్టెక్కుతాయి. తోకకప్ప కప్పయినట్టు. ఆక్సోలాటిల్ మాత్రం ఆ రూపం మార్చుకోవడం మానేసింది. పసితనపు మొప్పలతోనే పెద్దదై, గుడ్లు పెట్టి, నీళ్లలోనే జీవితం గడిపేస్తుంది. థైరాయిడ్ హార్మోన్ ఇస్తే మొప్పలు ఊడి, నేల మీద నడిచే సాలమాండర్‌గా మారుతుంది కూడా. పొడవు ఒక జానెడు పైన. ఫోటోల్లో కనిపించే గులాబీ రంగువి తొట్లలో పెంచినవి. మెక్సికో నగరంలోని షోచిమిల్కో కాలువల్లో ఉండే అసలు రకం బురదరంగులో ఉంటుంది. పక్కనే ఉన్నా కనిపెట్టడం కష్టం.

కాలు తెగితే మళ్లీ కాలు మొలిపించుకోవడం దీనికున్న మహిమ. ఎముక, కండ, నరం అన్నీ సరిగ్గా కుదిరిన కొత్త కాలు. అందుకే ల్యాబులు దీన్ని వదలవు. 2018లో దీని జన్యుపటం మొత్తం చదివితే 3,200 కోట్ల అక్షరాలు తేలాయి. మనిషి జన్యుపటానికి దాదాపు పది రెట్లు.

## వాకీటా చావుకు కారణం ఒక చేప

వాకీటాని ఎవరూ వేటాడరు. దాని మాంసానికి గిరాకీ లేదు, చర్మానికీ లేదు. అదే ప్రాంతంలో టోటోబా అనే పెద్ద చేప ఉంటుంది. రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. దాని పొట్టలో ఉండే గాలితిత్తికి చైనా మార్కెట్‌లో విపరీతమైన ధర. ఎండబెట్టి సూపుల్లో వాడతారు, కానుకలిస్తారు, కొందరు పెట్టుబడిగా దాచుకుంటారు. దీనికి పడ్డ పేరు సముద్రపు కొకైన్. టోటోబా వేటను మెక్సికో 1975లోనే నిషేధించింది. దొంగతనంగా సాగుతూనే ఉంది.

దీనికి వాడేది గిల్ నెట్. సముద్రంలో కనిపించని గోడలా నిలబడే వల ఇది. చేప తల వల కంట్లో దూరుతుంది, వెనక్కి లాక్కోబోతే మొప్పల దగ్గర బిగుసుకుంటుంది. టోటోబా, వాకీటా ఇంచుమించు ఒకే సైజు. టోటోబాకి సరిపోయే వల కన్ను వాకీటాకీ సరిపోతుంది. చిక్కుకున్న వాకీటా పైకి రాలేదు, గాలి అందదు, నిమిషాల్లో ప్రాణం పోతుంది. నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగిన జీవి నీళ్లలోనే ఊపిరాడక చావడం వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఊపిరితిత్తులున్న ఏ ప్రాణికైనా అంతే. రొయ్యలకీ ఇతర చేపలకీ వేసే గిల్ నెట్లలో కూడా ఇవి చిక్కుతాయి. తెగి వదిలేసిన వలలు కూడా ఊరుకోవు, ఎవరూ లేకపోయినా పట్టుకుంటూనే ఉంటాయి.

సంఖ్యలు చూడండి. 1997లో అంచనా 567. 2008లో 245. 2015లో దాదాపు 60. 2018లో పది దరిదాపుల్లో. మొదటి పదకొండేళ్లలో ఏటా ఏడెనిమిది శాతం తగ్గింది. 2011 నుంచి 2016 మధ్య ఐదేళ్లలోనే 90 శాతం పోయింది. ఆ దూకుడు టోటోబా స్మగ్లింగ్ ఊపందుకున్న కాలంతో సరిపోతుంది.

ఏటా 8 శాతం, ఏటా 40 శాతం తగ్గడం మధ్య తేడా కాగితం మీద చూస్తేనే తెలుస్తుంది. 200తో మొదలుపెడదాం. ఏటా 8 శాతం పోతే ఐదేళ్ల తర్వాత 132 మిగులుతాయి. చర్చలకీ కమిటీలకీ ఇంకా టైముంటుంది. ఏటా 40 శాతం పోతే 120, 72, 43, 26, 16. ఐదో ఏడాది రిపోర్టు అచ్చయ్యేలోపు పదహారు.

ఇక్కడ గమనించాల్సింది ఆ సముద్రం బాగానే ఉందన్న సంగతి. అమెరికా వైపు ఆనకట్టలు కట్టాక కొలరాడో నది నీళ్లు గల్ఫ్‌లోకి రావడం దాదాపు ఆగిపోయిందనీ, వాకీటాలు అందుకే పోతున్నాయనీ చాలాకాలం ఒక వాదన నడిచింది. మత్స్యకార ఊళ్లలో ఇది ఇప్పటికీ వినిపిస్తుంది. నది ఎండిన మాట నిజమే. కానీ ఆ కారణంతో చనిపోతే తిండి దొరక్క చిక్కిపోయి ఉండాలి. దొరికిన వాకీటాల కళేబరాలు చిక్కినవి కావు, పుష్టిగా ఉన్నవే. ఆ నీళ్లలో చేపలకూ లోటు లేదు. అందుకే శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది వలనే కారణంగా చూస్తారు.

## ఆక్సోలాటిల్‌కి పోయింది నీళ్లే

దీని కథ మెక్సికో నగరం కథే. ఒకప్పుడు ఆ లోయ నిండా సరస్సులుండేవి. ఆక్సోలాటిల్ సొంత సరస్సులు షోచిమిల్కో, చాల్కో. చాల్కో సరస్సును ఎండగట్టేశారు. షోచిమిల్కోలో మిగిలింది కాలువలు, వాటి మధ్య చినాంపాలు. చినాంపా అంటే సరస్సు లోపల బురద, మొక్కలు పేర్చి కట్టుకున్న సాగు మడి. ఆజ్‌టెక్‌ల కన్నా ముందు నుంచే ఉన్న సేద్యం. 1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

షోచిమిల్కోకి ఊట నీళ్లుండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ ఊటల్ని నగరం తాగునీటికి మళ్లించారు. కాలువలు ఎండిపోతుంటే తర్వాత శుద్ధి చేసిన మురుగునీటిని వదలడం మొదలుపెట్టారు. ఉభయచరానికి చర్మం కూడా ఊపిరితిత్తే, నీళ్లలో ఏముంటే అది ఒంట్లోకి వెళ్తుంది. 1970, 80ల్లో ఇంకో దెబ్బ తగిలింది. జనానికి చవగ్గా ప్రోటీన్ దొరుకుతుందని తిలాపియా, కార్ప్ చేపల్ని తెచ్చి వదిలారు. ఉద్దేశం మంచిదే. ఆ చేపలు కాలువలంతా నిండిపోయి, ఆక్సోలాటిల్ గుడ్లనీ పిల్లల్నీ తినేస్తున్నాయి. ఆక్సోలాటిల్ తినాల్సిన తిండిని కూడా అవే తింటున్నాయి.

ఫలితం: 1998లో చదరపు కిలోమీటరుకు 6,000. 2003లో 1,000. 2008లో 100. 2014 నాటికి 36.

చదరపు కిలోమీటరుకు 36 అంటే కళ్లకు కట్టదు. ఇలా చూద్దాం. 36తో భాగిస్తే ఒక్కోదాని వాటాకు దాదాపు 28,000 చదరపు మీటర్ల నీళ్లు. కాలువ వెడల్పు ఐదు మీటర్లనుకుంటే, సగటున ఐదున్నర కిలోమీటర్ల కాలువకు ఒకటి. 1998లో అదే లెక్క ముప్ఫై మూడు మీటర్లకు ఒకటి. అసలు కాలువల్లో ఇంత సమంగా పరుచుకుని ఉండవు, కొన్నిచోట్ల రెండు మూడు కలిసి ఉంటాయి. అయినా జానెడు పొడవున్న, మెల్లగా పాకే జీవి ఐదు కిలోమీటర్ల అవతల జోడీని ఎలా వెతుక్కోవాలి?

## ఈతకు ఒకటి, అయిదొందల్లో రెండు

ఆడ వాకీటా ఒక ఈతలో ఒకే పిల్లను కంటుంది. కడుపుతో పది నెలల పైన ఉంటుంది. ఏడాదికో రెండేళ్లకో ఒక పిల్ల. ఇలాంటి జీవుల సంఖ్య అన్నీ అనుకూలించినా ఏడాదికి 4 శాతం పెరగడమే గొప్ప. వంద ఉంటే ఏటా నాలుగు కలుస్తాయి. వలల్లో ఐదు చచ్చిపోతే చాలు, జనాభా కిందికే. ఇప్పుడున్నట్టు పది ఉంటే, 4 శాతమంటే ఏడాదికి 0.4. అంటే రెండున్నరేళ్లకు ఒకటి. ఆ రెండున్నరేళ్లలో ఎవరో ఒక్క రాత్రి వేసిన ఒక్క వల ఆ పెంపునంతా మింగేస్తుంది.

ఆక్సోలాటిల్ లెక్క తలకిందులు. ఆడది ఒకేసారి వంద నుంచి వెయ్యి దాకా గుడ్లు పెడుతుంది. ఏడాది, ఏడాదిన్నరలో పిల్లలు పెద్దవవుతాయి. ఒక జంట జీవితంలో పెట్టిన గుడ్లలో రెండు పెద్దవైతే చాలు, జనాభా నిలబడుతుంది. ఐదొందల్లో రెండంటే 0.4 శాతం. పరీక్షలో ఇంత తక్కువ పాస్ మార్కులు ఎక్కడా ఉండవు. షోచిమిల్కోలో అదీ రావడం లేదంటే, లోపం గుడ్లు పెట్టేదానిది కాదు, పరీక్ష హాలుది.

వాకీటాని వలల్లో చచ్చేవి ముంచుతున్నాయి. పుట్టేవాటితో ఆ గండి పూడ్చలేం. ఆక్సోలాటిల్ ఎన్ని గుడ్లైనా పెడుతుంది, అవి పెరగడానికే చోటు లేదు. ఈ తేడా పట్టుకుంటే మిగతా చిక్కులు తేలిగ్గా విడిపోతాయి.

## తొట్టిలో పెంచడం ఒకదానికి సాధ్యం, ఇంకోదానికి ప్రాణాంతకం

1860ల్లో మెక్సికో నుంచి 34 ఆక్సోలాటిల్స్ పారిస్ చేరాయి. వాటిలో ఆరు ఓగ్యుస్త్ ద్యూమెరీల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త చేతికొచ్చాయి. అవి గుడ్లు పెట్టాయి, పిల్లలు పెరిగాయి, ఆయన యూరప్ అంతా పంచాడు. ఇవాళ ల్యాబుల్లో, ఇళ్లలో ఉన్న చాలావాటి వంశవృక్షం అక్కడికే పోతుంది. నూట అరవై ఏళ్లుగా తొట్లలో పెరుగుతూనే ఉన్నాయి.

వాకీటాతో ఆ ప్రయత్నం 2017లో జరిగింది. కొన్నిటిని పట్టి, సముద్రంలోనే కట్టిన ఆవరణలో ఉంచి, గిల్ నెట్ల బెడద తీరేదాకా కాపాడుదామన్నది ఆలోచన. ఇది తొందరపాటు పని కాదు. వాకీటా బంధువులైన వేరే పోర్పస్ (డాల్ఫిన్‌ని పోలిన చిన్న సముద్ర క్షీరదం) జాతుల్ని కొన్నిచోట్ల విజయవంతంగా పెంచారు. ఏమీ చేయకపోతే అన్నీ పోతాయన్న భయమూ ఉంది. వద్దన్నవాళ్ల వాదనా బలమైనదే: ఈ జాతి బందీగా బతుకుతుందో లేదో ఎవరికీ తెలియదు, ముప్ఫైలోపు మిగిలినప్పుడు ప్రయోగానికి ఒక్కటి పోయినా నష్టం పెద్దది, పైగా "పట్టి దాచేశాం కదా" అని వలల మీద పట్టు సడలిస్తారు.

వెతకడానికి అమెరికా నౌకాదళం శిక్షణ ఇచ్చిన డాల్ఫిన్లని కూడా తెచ్చారు. అక్టోబరులో ఒక పిల్ల దొరికింది. బెదిరిపోయిన లక్షణాలు కనిపించగానే వదిలేశారు. నవంబరులో ఒక పెద్ద ఆడది దొరికింది. మొదట కుదుటపడినట్టే కనిపించింది, తర్వాత పరిస్థితి విషమించి, పశువైద్యులు గంటల తరబడి ప్రయత్నించినా చనిపోయింది. కార్యక్రమం అక్కడితో ఆగిపోయింది. నా లెక్కలో ఆ ప్రయత్నం చేసినవాళ్లని నిందించడం సులువు, వాళ్ల స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్లమో చెప్పడం కష్టం.

దీని పర్యవసానం రెడ్ లిస్ట్ మెట్ల మీద కూడా పడుతుంది. షోచిమిల్కోలో చివరి ఆక్సోలాటిల్ పోయినా ఆ జాతి "సహజ ఆవాసంలో అంతరించినవి" అనే మెట్టు మీద ఆగుతుంది. వాకీటాకి ఆ మెట్టు లేదు. చివరిది పోతే నేరుగా ఆఖరి గడే.

## మరి ల్యాబువి తెచ్చి కాలువల్లో వదిలేస్తే?

ఇది ఆక్సోలాటిల్ విషయంలో అందరికీ వచ్చే ఆలోచన. అభ్యంతరాలు మూడున్నాయి, బరువు మాత్రం సమానం కాదు.

మొదటిది జన్యువులది. ల్యాబు ఆక్సోలాటిల్ పూర్తిగా ఆక్సోలాటిల్ కాదు. 1962లో అమెరికాలో ఒక పరిశోధకుడు తెల్ల రకాన్ని తయారు చేయడానికి దీన్ని టైగర్ సాలమాండర్‌తో కలిపాడు. ఆ జన్యువులు ల్యాబు మందల్లో పాకిపోయి, ఇప్పుడు వాటి జన్యుపటంలో దాదాపు 6 శాతం టైగర్ సాలమాండర్‌దే. దీనికి తోడు దగ్గరి బంధువుల మధ్యే తరాల తరబడి సంతానం కనడం. రెండోది రోగాలు: తొట్లలో కనిపించని ఫంగస్, వైరస్‌లు కాలువల్లోకి పోవచ్చు. మూడోదే అసలుది. తిలాపియాలు తిరిగే కాలువలో వెయ్యి ఆక్సోలాటిల్స్ వదిలితే తిలాపియాలకు విందు పెట్టినట్టే.

అందుకే షోచిమిల్కోలో పనిచేసే మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు, వాళ్లలో బాగా తెలిసిన పేరు లూయిస్ సాంబ్రానో, ముందు నీళ్ల సంగతి చూడాలంటారు. వాళ్లు చేస్తున్నది ఇది: చినాంపా పక్కన ఉన్న చిన్న కాలువకు రెండు కొసలా రాళ్లు, నీటి మొక్కలతో అడ్డుకట్టలు కడతారు. నీళ్లు వడపోసుకుని లోపలికొస్తాయి, తిలాపియా, కార్ప్ రాలేవు. ఆ మడి రైతు పురుగుమందులు వాడడం మానేస్తాడు. ఈ ఆశ్రయ కాలువ రైతు పొలానికి కూడా మంచి నీళ్లిస్తుంది కాబట్టి అతనికీ లాభమే.

2025లో ఈ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. మెక్సికోలోనే పెంచిన 18 ఆక్సోలాటిల్స్‌కి చిన్న రేడియో పరికరాలు తగిలించి, కొన్నిటిని షోచిమిల్కోలో బాగుచేసిన కాలువలోనూ, కొన్నిటిని నగరంలోని ఒక కృత్రిమ చిత్తడి నేలలోనూ వదిలారు. గమనించినంతకాలం అన్నీ బతికాయి. మళ్లీ పట్టుకున్నవి బరువు పెరిగి ఉన్నాయి, అంటే తొట్టిలో పుట్టినా వేటాడ్డం వాటికి వచ్చు. వార్తల్లో ఇది "ఆక్సోలాటిల్ తిరిగొచ్చింది" అని వచ్చేసింది. నిజానికి నిరూపించింది ఇంకాస్త చిన్న విషయం: చోటు బాగుంటే పెంచినవి బతకగలవని. పద్దెనిమిది, కొన్ని వారాలు. షోచిమిల్కో మొత్తం అంత బాగుపడుతుందా అన్నది వేరే ప్రశ్న.

## పది మిగిలితే రక్తసంబంధాల చిక్కు రాదా?

వాకీటా గురించి తరచూ వినపడే నిరాశ మాట ఇది: పదే మిగిలాయి, అన్నీ చుట్టాలే, ఇక జబ్బుల పిల్లలే పుడతాయి, వదిలేద్దాం. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం దీన్ని పరీక్షించింది. 1985 నుంచి 2017 దాకా సేకరించిన నమూనాల్లో 20 వాకీటాల జన్యుపటాలు చదివారు. ఈ జాతి గత రెండున్నర లక్షల ఏళ్లుగా కొన్ని వేలకు మించి ఎప్పుడూ లేదని తేలింది. సంఖ్య చిన్నదైన జాతిలో హాని చేసే జన్యువులు తరతరాలుగా బయటపడి, వాటంతట అవే ఏరివేతకు గురవుతాయి. అంటే వాకీటా చుట్టాల మధ్య పెళ్లిళ్లకు ఎప్పుడో అలవాటు పడింది.

వాళ్ల కంప్యూటర్ లెక్కలో గిల్ నెట్ చావులు పూర్తిగా ఆగితే అంతరించే అవకాశం 6 శాతం. చావులు 80 శాతం తగ్గినా, మిగిలిన ఆ కాస్తతోనే ఆ అవకాశం 62 శాతానికి పెరుగుతుంది. ఇది పరీక్షలో ఎనభై మార్కులు తెచ్చుకుని ఫెయిలయ్యే వ్యవహారం. ఇందాక చూసిన 0.4 లెక్క గుర్తుంటే ఎందుకో తెలుస్తుంది.

## వల వేసేవాళ్ల వైపు నుంచి

కాలిఫోర్నియా గల్ఫ్ పైభాగంలో సాన్ ఫెలిపె, ఎల్ గోల్ఫో దె శాంటా క్లారా అనే మత్స్యకార ఊళ్లున్నాయి. గిల్ నెట్‌ని నిషేధించడమంటే అక్కడ పొట్ట మీద కొట్టడమే. 2015లో రెండేళ్లకు తాత్కాలిక నిషేధం పెట్టి పరిహారం ఇచ్చారు, 2017లో నిషేధాన్ని శాశ్వతం చేశారు. పరిహారం పంపిణీ మీద ఫిర్యాదులొచ్చాయి. వాకీటాకి హాని చేయని వేరే వలలు ఉన్నాయి గానీ వాటితో పడేది తక్కువ, నేర్చుకోవాలి, పరికరాలు కొనాలి. ఇవన్నీ చేస్తూ నియమం పాటించేవాడి పక్కనే, రాత్రిపూట టోటోబాకి పోయినవాడు ఒక్క వేటతో నెలల సంపాదన చేసుకుంటే, నిషేధం నిజాయితీపరుడికే శిక్షలా కనిపిస్తుంది. స్మగ్లింగ్ ముఠాలు వచ్చాక ఊళ్లో నోరెత్తడం కూడా ప్రమాదమే.

టోటోబా విషయమూ మారింది. ఐయూసీఎన్ 2021లో దాన్ని తీవ్ర అపాయం నుంచి కిందికి దింపి "ముప్పు పొంచి ఉన్నవి" దగ్గర పెట్టింది. చేప బాగానే ఉందని మత్స్యకారులు ఎప్పటి నుంచో చెబుతున్న మాటకు ఇది కొంత బలమిచ్చింది. పెంపక కేంద్రాల్లో పెంచిన టోటోబాని చట్టబద్ధంగా అమ్మితే దొంగ వేట తగ్గుతుందని ఒక వాదన. చట్టబద్ధమైన సరుకు చాటున దొంగ సరుకు కూడా దాటిపోతుందని ఎదురు వాదన. 2022లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటీస్ మధ్యే మార్గం పట్టింది: ఒక పెంపక కేంద్రం నుంచి మాంసం ఎగుమతికి ఒప్పుకుంది, గాలితిత్తులకి ఒప్పుకోలేదు. 2023 మార్చిలో అదే సైటీస్ మెక్సికో రక్షణ ప్రణాళిక చాలదని తన పట్టికలోని జీవుల విషయంలో ఆ దేశపు వ్యాపారం మీద ఆంక్షలు పెట్టింది. కొత్త ప్రణాళిక ఇవ్వగానే వారాల్లో ఎత్తేసింది.

కాగితాల కన్నా పనికొచ్చింది కాంక్రీటు. 2022లో మెక్సికో నౌకాదళం వాకీటాలు ఎక్కువగా ఉండే చిన్న ప్రాంతంలో సముద్రం అడుగున 193 కాంక్రీటు దిమ్మెలు దించింది. ఒక్కోదానికి ఇనుప కొక్కేలు. వల వేస్తే కొక్కేనికి తగులుకుని చిరిగిపోతుంది. వల ఖరీదు మీద పడుతుంది కాబట్టి అటు వెళ్లడం మానేశారు. ఆ ప్రాంతం లోపల గిల్ నెట్ల వాడకం 90 శాతానికి పైగా తగ్గిందని అధికారులు, పరిశీలకులు ఇద్దరూ చెబుతున్నారు. గీత దాటి బయటికొస్తే మళ్లీ వలలే. వాకీటాకి గీత కనపడదు.

## కొత్త అంకెలు వచ్చినప్పుడు

2023 సర్వేలో 10 నుంచి 13 కనిపించాయని, 2024లో 6 నుంచి 8 అని వచ్చినప్పుడు, ఏడాదిలో సగం పోయాయని చాలామంది రాశారు. అలా చదవకూడదు. ఈ సర్వే గల్ఫ్ మొత్తాన్ని గాలించదు, ఒక చిన్న ప్రాంతంలోనే వెతుకుతుంది. ఆ అంకె అక్కడ ఆ వారాల్లో కనిపించినవాటిది. గాలి కొంచెం ఎక్కువ వీచి అలలు లేస్తే మీటరున్నర జీవి వీపు కనపడదు. అందుకే కంటితో చూడడంతో పాటు నీళ్లలో వినే పరికరాలు కూడా దించుతారు. వాకీటా దారి వెతుక్కోవడానికి చేసే క్లిక్ శబ్దం 130 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన చెవి వినగలిగే దానికి ఆరు రెట్ల పైన. పడవలో ఉన్నవాళ్లకి నిశ్శబ్దం. నీళ్లలో వేలాడే పరికరానికి ఆ క్లిక్‌లు చేరతాయి. తర్వాత వాటిని ఒడ్డుకు తెచ్చి డేటా తీస్తారు, ఏ రోజు ఏ గంటకు ఎన్ని క్లిక్‌లు పడ్డాయో లెక్క చూస్తారు. కొన్ని పరికరాల్లో ఏమీ ఉండదు. కొన్నిట్లో, ఎవరూ చూడని రాత్రి, ఒకటి అటుగా వెళ్లిన జాడ ఉంటుంది.